పుప్పొడి మీద దండయాత్ర

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ కలిసి కాపురముండే మట్టిగుహ ఒకటుంది. దానికి గాలి వచ్చేది ఒక్క సన్నటి సొరంగంలోంచే. ఆ సొరంగానికి కాపలా దళపతి గండయ్య అనే ముళ్లపంది.

పూర్వం పాములొచ్చేవి. గండయ్య తాతలు పొడిచి తరిమేవాళ్లు. ఇప్పుడు మందుకు వెతికినా పాము లేదు.

"నెలాఖరుకి నీ దళం ఎత్తేస్తున్నామయ్యా. తిని కూర్చోవడమేగా!" అనేశాడు గుహపెద్ద ఎలుగుబంటి.

పాపం, గండయ్యకి ముద్ద దిగలేదు. ఒక్క శత్రువుని పంపు తండ్రీ అని కనబడ్డ ప్రతి రాయికీ మొక్కాడు.

మర్నాడు పొద్దున్నే గాలికి పూల పుప్పొడి రేగి సొరంగంలోకొచ్చింది. బయట కావలి ఉడుత తుమ్ముతూ, "పొడి! పొడి!" అని అరిచింది.

గండయ్యకి "పొడు! పొడు!" అని వినబడింది. చెవులు కూడా ఉద్యోగం కోసమే వింటాయి కదా!

"పదండ్రా!" అన్నాడు. ముళ్లపందులు దొరికిన గోడనల్లా పొడిచాయి. దళంలోని నత్తలు శత్రువుని అంటించేస్తామంటూ బొళుక్కున జిగురు కక్కాయి. చెత్త కొరకడానికి పెట్టుకున్న చెదలు గోడనే కొరకసాగాయి.

"అయ్యో, అది గోడర్రా!" అంది ఉడుత.

"కొరకమన్నారు, కొరుకుతున్నాం. మాకు పళ్లేగానీ కళ్లు లేవు తల్లీ" అన్నాయి చెదలు.

ఆ పోట్లకీ జిగురుకీ గోడలు వాచి ఉబ్బి, సొరంగం బొటనవేలంత అయింది. లోపల్నుంచి "కుయ్... కుయ్..."మని పిల్లికూతలు వినిపించాయి.

"పిల్లులు దూరాయిరోయ్!" గండయ్యకి ప్రాణం లేచొచ్చింది. "ఇంకా పొడవండి!"

"పిల్లులు కాదు మావా..." లోపల్నుంచి పీలగా ఒక గొంతు. "నేను, నీ పెళ్లాన్ని. ఊపిరాడట్లేదు..."

గండయ్య, "ఆపండ్రా, మీకు దణ్ణం పెడతా!" అని ఏడ్చాడు. ఊపులో ఉన్న దళం వింటేగా! చివరికి బయటికెళ్లిన ఎలుగుబంటి తిరిగొచ్చి ఒక్కొక్కరినీ మెడపట్టి కూర్చోబెడితే, మెల్లగా వాపు తగ్గి గాలి ఆడింది. గండయ్య పెళ్లాం బతికింది గానీ, ఆనాటి నుంచి మొగుడు డ్యూటీకి వెళ్తుంటే చాలు, ఆవిడకి ఆయాసం మొదలు.

విచారణ సంఘం కూర్చుంది. ఇంత యుద్ధం జరిగిందంటే శత్రువు ఎంత పెద్దవాడై ఉండాలి అని తేల్చి, దళాన్ని రెట్టింపు చేసింది. సొరంగం గోడలకి ఇంకో రెండు పొరలు మట్టి మెత్తించింది.

నీతి: ఊపిరి ఆడినా ఆడకపోయినా, కాపలా మాత్రం ఉండి తీరాలి.