అరువు నిద్ర

ఆ రోజు పొద్దున్నే నరేందర్ లిఫ్టుతో కొట్లాడాడు. కొండాపూర్‌లో వాళ్లుండేది ఐదో అంతస్తు. నాలుగులో ఎవరూ ఎక్కకుండానే ఆగిందని దానికి రెండు నిమిషాలు నీతులు చెప్పి, ఇంట్లోకొచ్చి, షూస్ ఫ్రిజ్‌లోనూ పాల ప్యాకెట్టు చెప్పుల స్టాండులోనూ పెట్టి పడుకున్నాడు. పడుకున్నాడంటే మంచం మీద వాలాడని మాత్రమే. నిద్రపోయాడని ఎవరూ అపోహ పడొద్దు.

నిద్ర ఎట్లా వస్తుంది? హైటెక్ సిటీలో అతని ఉద్యోగం ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. ఎనిమిది నెలలుగా ఇదే తంతు. నిద్ర కొండాపూర్ వచ్చేసరికి ఆయన ఆఫీసులో ఉంటాడు. ఆయన కొండాపూర్ వచ్చేసరికి కింద కూరగాయల ఆటోవాడు మైకులో దోసకాయల్ని పొగుడుతుంటాడు.

"షూస్ ఫ్రిజ్‌ల ఎందుకున్నయి?" అంటూ వచ్చింది భార్య స్వాతి. బాచుపల్లిలో టీచరు. తొమ్మిదో తరగతి పిల్లల చేతనే నిజం చెప్పించగల మనిషి.

"చల్లగ ఉంటయని."

"నిన్న కొత్తిమీర అయిపోయిందని కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నవ్. ఇయ్యాల లిఫ్టును తిట్టినవట. జర డాక్టర్‌కు చూపించుకుందం పా."

"ఏం, నాకేమన్న పిచ్చా?"

"పిచ్చని ఎవలన్నరు? నిద్ర లేదంటున్న. నిద్రకు ఒక యేళపాళ లేకుంటె మనసు గూడ దారి తప్పుతది."

"నా మనసు మస్తుగుంది!" అని నరేందర్ అరిచిన అరుపుకి దోసకాయల మైకు కూడా ఒక్క క్షణం ఆగింది. ఆ వెంటనే బాత్రూంలో దూరి కుళాయి తిప్పుకున్నాడు.

నిజం చెప్పాలంటే అతనికి భయంగా ఉంది. కారణం లేకుండానే గుండె దడదడలాడుతోంది. ఏ పని మీదా మనసు నిలవడం లేదు. చెబుదామంటే ఆఫీసులో తోటి ఉద్యోగి ఓదెలు సంగతి కళ్లముందే ఉంది. దిగులుగా ఉందని ఆయన ఒకసారి నోరు జారితే, ఆరు నెలలైనా అందరూ ఆయన భుజం తట్టి, చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు.

సరిగ్గా ఆ తర్వాతి వారమే కంపెనీ వాళ్లు అందరి చేతులకూ బ్యాండ్లు పంచారు. వారం రోజులు కట్టుకోవాలట. ఎవరు ఎంతసేపు, ఎట్లా నిద్రపోతున్నారో అది లెక్కగట్టి, ఫోను ద్వారా ఆఫీసుకు పంపి, నూటికి మార్కులేస్తుందట. ఎందుకన్నది మెయిల్‌లో ఉంది. మనవాడు మొదటి రెండు లైన్లు చదివి, మూడో లైనుకు కళ్లు మూతలు పడి వదిలేశాడు.

ఆ వారం అతనికి పగటి డ్యూటీయే. కానీ ఒంటికి ఆ సంగతి చెప్పేదెవరు? రాత్రంతా పైకప్పు చూశాడు. పొద్దున మార్కులొచ్చాయి, ఇరవై ఒకటి. పదో తరగతి హిందీ పరీక్షయితే ఇరవైకే పాసయ్యేవాడు. నిద్రకి ఆ వెసులుబాటు లేదు.

'ఇగ నన్ను మెంటల్ అని రాసి పంపించేస్తరు' అనుకుంటున్న నరేందర్ చెవికి హాల్లోంచి ఒక గురక చివరి ముక్క వినబడింది. ఐదయ్యింది కాబట్టి అది కూడా ఠక్కున ఆగింది.

ఆ గురక మామ బాలనర్సయ్యది. మూసాపేటలో ఉంటాడు, కంటి ఆపరేషన్ చేయించుకుని నెల రోజులకని కూతురింటికి వచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి "ఇగ నేను పండుకుంట" అంటే, ఆ మాట పూర్తయ్యేలోపు నిద్రపోతాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక గంట అదనం.

"మామా, ఇది కట్టుకో. రక్తానికి మంచిదట. గీ పాత ఫోను గూడ బనీను జేబుల వెట్టుకో."

"దవాఖానోళ్లిచ్చిన్రా?"

"అసొంటిదే. స్వాతికి మాత్రం చెప్పకు, ఫికర్ చేస్తది."

"నా నోట్లకెళ్లి మాట బయటికి రాదు అల్లుడా," అన్నాడు బాలనర్సయ్య.

మర్నాడు తొంభై నాలుగు. ఆ మర్నాడు తొంభై ఆరు. శుక్రవారం హెచ్‌ఆర్ సాయిచంద్ ఫోన్ చేశాడు. ఉద్యోగం పోయిందని చెప్పేటప్పుడు కూడా నవ్వు చెదరని మనిషి, అందుకే ఆఫీసంతా ఆయన్ని చిరునవ్వుల సాయిచంద్ అంటారు.

"నరేందర్ గారూ, కంపెనీకే ఫస్టండి మీరు! రేపు పదకొండింటికి మీ నిద్ర రహస్యం అందరికీ చెప్పాలండి. వెనక తెర మీద మీ బ్యాండు లైవ్‌లో చూపిస్తామండి."

వద్దనాలి. కానీ బాలవాడి నుంచి ఇప్పటిదాకా నరేందర్‌ని 'ఫస్ట్' అన్నవాళ్లు లేరు. సరేనన్నాడు. సాయంత్రమంతా బాత్రూంలో కుళాయి తిప్పుకుని, రేపటి తెర సంగతితో సహా ఉపన్యాసం వల్లెవేశాడు. శనివారం పొద్దున మామ చెవిలో, "పన్నెండు దాక పండుకోకు మామా" అని ఊదాడు.

"ఒంటిగంట కానిది నాకు నిద్రెట్లొస్తదయ్యా?" అన్నాడు మామ. ఆ ధైర్యంతోనే ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

హాల్లో రెండు వందల మంది. తెర మీద నరేందర్ పేరు, 'మెలకువ', గుండె నిమిషానికి డెబ్భై. చొక్కా లోపలి అసలు గుండె మాత్రం బోనాల డప్పు కొడుతోంది.

"స్టేజి మీద కూడా ఎంత ప్రశాంతమో చూడండి!" అన్నాడు సాయిచంద్. చప్పట్లు మోగాయి.

"మంచి నిద్ర కావాలంటె, ముందుగాల మనసుల ఏ పరేషానీ ఉండొద్దు," అని మొదలెట్టాడు నరేందర్. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తన మాటలో చమత్కారముందనుకుని ఇంకాస్త ఊపందుకున్నాడు. "ఫోను దూరం వెట్టాలె. పండుకునే ముందు చాయ తాగొద్దు." హాలంతా నవ్వు. వెనక తెర మీద 'తేలిక నిద్ర' పోయి 'గాఢ నిద్ర' వచ్చింది.

"అన్నా, లేవే! తెల్లారింది!" అని వెనక వరుసలోంచి ఓదెలు కేకేశాడు.

సాయిచంద్ నవ్వు మొదటిసారి చెదిరింది. "నరేందర్ గారూ, చొక్కా చెయ్యి కొంచెం పైకి మడవండి. బ్యాండేదండీ?"

నరేందర్‌కి మూడు అబద్ధాలు తోచాయి. ఒక్కటి కూడా చెప్పే ఓపిక లేదు.

"మా మామ చేతికుంది సార్. నాకు ఎనిమిది నెలల సంది నిద్ర లేదు. ఉత్తగనే గుండె దడదడ కొట్టుకుంటది, ఏడుపొస్తది. పిచ్చోడంటరని భయమై ఎవలకు చెప్పలే."

మూడో వరుసలో ఒకాయన మెల్లగా లేచాడు. "నాది మా అత్తమ్మకు కట్టిన సార్." ఆయన పక్కావిడ, "మా బుజ్జిగాడికండి, ఎనిమిదో నెల," అంది. ఇంకొకాయన కుక్క పేరు చెప్పాడు.

ముందు వరుసలో కూర్చున్న కంపెనీ కౌన్సెలర్ లీదియా మేడం నుదురు కొట్టుకుంది. "మెయిల్ మూడో లైన్ ఎవ్వరూ చదవలేదాండీ? మార్కులు తక్కువ వచ్చినవాళ్లకి మూడు నెలలు పగటి డ్యూటీయేనండి. దిగులున్నా, దడ ఉన్నా నాతో మాట్లాడుకోవచ్చు, అది ఎక్కడా రాయం."

"ఎక్కువ వచ్చినవాళ్లకి ఏడాదంతా రాత్రి డ్యూటీ ఇద్దామనుకున్నామండి," అన్నాడు సాయిచంద్. నరేందర్ స్టేజి మీదే చతికిలబడ్డాడు.

సాయంత్రం ఇంటికి రాగానే మామ మీద విరుచుకుపడ్డాడు. "పదకొండింటికి ఎందుకు పండుకున్నవ్ మామా?"

"బిడ్డ పదిన్నరకే బోటికూర, జొన్నరొట్టె వెట్టింది. మీదికెళ్లి పెరుగన్నం. ఇగ కూలర్ ఏసి పరదలు గుంజింది. నేను మనిషినా, రాయినా?"

నరేందర్ గిర్రున తిరిగాడు. రెండో శనివారం సెలవు కాబట్టి స్వాతి తీరిగ్గా సోఫాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"నీకు ముందే తెలుసా?"

"బ్యాండు కట్టిన నాడే నాయన ఐదో అంతస్తు నుంచి వాచ్‌మన్ దాక చూపించొచ్చిండు. తెర సంగతి నువ్వే చెప్పినవ్ బాత్రూంల. కుళాయి ఇప్పితె ఉపన్యాసం ఇనవడదనుకున్నవా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఏడుపు గూడ ఇనవడ్డది."

నరేందర్ ఆమె పక్కన కూలబడి, ఒక షూ విప్పాడు. "నౌకరి పోతుండె స్వాతీ."

"పోతె నౌకరి పోతుండె. నువ్వుంటవు గద. నాకొక్కదానికి చెప్పుమంటె చెప్పకపోతివి, ఇగ రెండు వందల మందికి చెప్పుకున్నవ్. గురువారం లీదియా మేడం దగ్గరికి పోతున్నం."

"పోతున్నమా? నువ్వెందుకు?"

"నేను రాకుంటె నీ బదులు నాయనను పంపుతవ్."

భార్య మాటకి మాట అప్పజెప్పకుండా వదిలిన చరిత్ర నరేందర్‌కి లేదు. గట్టి జవాబే చెబుదామని నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా, రెండో షూ కాలికే ఉండగా, సాయంత్రం ఆరున్నరకి, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆ ఇంట్లో అల్లుడి గురక వినబడింది.

"ఏమంటుండు అల్లుడు?" అని లోపల్నుంచి అడిగాడు బాలనర్సయ్య.

"సరే అంటుండు నాయనా," అంది స్వాతి, అతని రెండో షూ మెల్లగా విప్పుతూ.