గోడకు నేను చేసిన సేవ

వాషబుల్ పెయింట్ కనిపెట్టిన మహానుభావుడికి వీధికో విగ్రహం పెట్టాలంటాను! నవ్వకండి. ఆ పెయింటే లేకపోతే నాలాంటి చదువుకున్నవాడు జన్మలో గోడ తుడుస్తాడా?

మా హాల్లో కొత్తగా ఆ పెయింటు వేయించాం. మామగారు మాతోనే ఉంటారు. భోజనమయ్యాక కుర్చీలో కూర్చుని, గోడకు తల ఆనించి కునుకు తీయడం ఆయన అలవాటు. నెల తిరక్కుండా గోడ మీద అరచేయంత నూనె మరక తేలింది.

"మెత్తటి గుడ్డ సబ్బునీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, పైపైన తుడవండి, పోతుంది. రుద్దకండి," అంది మా ఆవిడ.

ఎంత అమాయకురాలు! ఇంత తేలికైన పద్ధతి పనిచేస్తుందంటే ఎవరైనా నమ్ముతారా? ఫోన్లో బోలెడు వీడియోలు చూశాను. ఒకాయన వంటసోడా అన్నాడు, ఒకావిడ వెనిగర్ అంది. ఎవర్నీ నొప్పించడం ఎందుకని రెండూ కలిపాను. గిన్నెలు తోమే స్క్రబ్బరుతో దీక్షగా రుద్దాను.

మరక పోయింది! రంగూ పోయింది. గోడ మీద నిండు చంద్రుడు వెలిశాడు. మా బావమరిది వచ్చి టూత్‌పేస్ట్ పట్టించాడు. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టింది, పుదీనా వాసనతో సహా.

కంపెనీకి ఫోన్ చేశాను.

"వాషబుల్ అన్నారు కదమ్మా!"

"అవును సార్. తుడవొచ్చు. రుద్దితే పోతుంది."

"మరకా?"

"రంగు సార్."

ఎంత నిజాయితీ!

"ఆ ముక్కకే వేస్తే అతుకు తెలిసిపోతుంది సార్, గోడంతా వేయాలి," అన్నాడు పెయింటరు. వేశాడు. అప్పుడు మిగతా మూడు గోడలూ మాసినట్టు కనిపించాయి. అవీ వేయించాం. ఒక్క మరకతో హాలంతా కొత్తదైపోయింది. ఇంతకంటే వరం ఏం కావాలి?

ఆపైన కుర్చీలన్నీ గోడకు మూరెడు దూరం జరిపించాను. వచ్చినవాళ్ళు మ్యూజియంలో ఉన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు. అదీ క్రమశిక్షణంటే! మామగారైతే తలకు తువ్వాలు చుట్టుకుని, నిటారుగా కూర్చునే తూగుతున్నారు.

"నా తల వల్లే కదా బాబూ, ఇంత రభస," అన్నారాయన.

"పర్వాలేదు లెండి," అని పెద్దమనసుతో క్షమించాను.

నిన్న ఆయన అలా తూగుతూనే ముందుకు పడబోయారు. మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి పట్టుకుంది. తువ్వాలు లాగి పారేసింది. కుర్చీని బరబరా గోడ దాకా ఈడ్చింది.

"ఆనుకో నాన్నా! మరకైతే నేను తుడుస్తా. ఈయన్ని మాత్రం గోడ దగ్గరికి రానివ్వను!"

మామగారు వెనక్కి వాలి, క్షణంలో గుర్రు పెట్టారు. నా కుర్చీ మాత్రం ఇంకా మూరెడు దూరంలోనే ఉంది.