తెల్లవార్చే మీట

కొండపాలెం పురపాలక కార్యాలయంలో ఆ రోజు తేదీతో హాజరుపట్టీ ఎక్సెల్ ఫైలు తయారైతే తప్ప ఊళ్లో తెల్లారదు. ఇందులో వింతేమీ లేదు, ఆఫీసు కంప్యూటర్లకు మారిన దగ్గర్నుంచీ అంతే. డేటా ఎంట్రీ ఆపరేటర్ సుభాషిణి చీకట్లోనే వచ్చి, నిన్నటి ఫైలు తెరిచి, పేరులో తేదీ మార్చి సేవ్ చేస్తుంది. వెంటనే నీళ్లట్యాంకు వెనకనుంచి సూర్యుడు లేస్తాడు. ఒకసారి ఆమెకు జ్వరం వస్తే పాలవాళ్లు ఎంతకీ తెల్లారక టార్చిలైట్లతోనే తిరిగారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు మీద వేయడానికి తేదీ లేదు మరి.

అలాంటి సుభాషిణికి పెళ్లి కుదిరింది. వరుడు నూకరాజు కరెంటు ఆఫీసులో లైన్‌మన్, నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడుతుంది. ఆ సొట్ట తలుచుకుని ఆమె టైపింగులో తప్పులు కొట్టేది. ముహూర్తం గురువారం. చిక్కల్లా ఒక్కటే. ఆమె పీటల మీద కూర్చుంటే గురువారాన్ని ఎవరు తయారుచేస్తారు?

"సెలవివ్వడానికి నాకేటి అభ్యంతరం లేదమ్మా," అన్నారు సూపరింటెండెంటు భానోజీరావు. "గురువారం తేదీతో చీటీ పెట్టు. గురువారం వచ్చాక మంజూరు చేస్తాను."

సుభాషిణి ఫోన్లో వీడియోలు చూసి మాక్రో రాయడం నేర్చుకుంది. మాక్రో అంటే మనం చేసే పనిని ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకుని, మనం లేకపోయినా చేసిపెట్టేది. ఫైలు తెరవడం, నకలు తీయడం, తేదీ మార్చడం అన్నీ దానికి నేర్పి ఒక మీటకు తగిలించింది. మంగళవారం నొక్కి చూస్తే బుధవారం దానంతటదే పుట్టింది. ఎండ బల్ల మీద పడేసరికి ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంక తన పెళ్లికి తను వెళ్లొచ్చు!

భానోజీరావు కూడా కుర్చీలో కూర్చోలేకపోయారు. "ఒక్క గురువారమేటమ్మా, చేసిన చేత్తో మార్చి నెలాఖరు దాకా కానిచ్చెయ్. ఆడిట్ వాళ్లు నోరెళ్లబెట్టాల."

ఆ హుషారులో సుభాషిణి మాక్రో ఆగాల్సిన తేదీని నెలాఖరుకు జరిపింది. ఫైళ్లు బుద్ధిగా వరసలో నిలబడి తమ వంతు కోసం ఆగుతాయనే అనుకుంది. కొండపాలెం సూర్యుడు ఫైలు చూస్తాడే గానీ వంతు చూడడు. మీట నొక్కగానే కిటికీ స్టార్టరు పోయిన ట్యూబులైటులా వెలుగుతూ ఆరుతూ, వెలుగుతూ ఆరుతూ, చివరికి నిలకడగా వెలిగింది. బయట మార్చి నెలాఖరు ఎండ కాస్తోంది.

ఆమె మెడలో ఐడీ కార్డు తాడు పక్కన పసుపుతాడు ఉంది. గుమ్మంలో నూకరాజు క్యారేజీ పట్టుకుని నిలబడ్డాడు.

"మన పెళ్లి ఎలా జరిగిందండీ?" అని అడిగింది సుభాషిణి.

"బాగానే జరిగింది. నువ్వే రాలేదు," అన్నాడు.

జరిగింది ఇదీ. మాక్రో బుధవారం ఫైలుకు నకలు తీసింది. అందులో సుభాషిణి పేరు ఎదురుగా 'హాజరు' అని ఉంది కనుక గురువారం కూడా ఆమె ఆఫీసులోనే ఉంది. ముహూర్తం మించిపోతుందని పీట మీద ఆమె ఐడీ కార్డు జిరాక్సు పెట్టారు. దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉంది గనుక పంతులుగారు అభ్యంతరం చెప్పలేదు. మూడు ముళ్లూ దానికే వేసి, తాడు ఆఫీసు తపాలాలో పంపారు.

"దప్పళం మాత్రం బెమ్మాండం," అన్నాడు నూకరాజు జాలిగా.

సుభాషిణి గబగబా కూర్చుని ఆ గురువారాన్ని తన చేత్తో మళ్లీ చేయబోయింది. 'ఈ పేరుతో ఫైలు ఇదివరకే ఉంది. తీసేసి కొత్తది పెట్టాలా?' అని అడిగింది కంప్యూటరు.

"నొక్కకమ్మా," అన్నారు భానోజీరావు. "ఆ రోజు మనూళ్లో పిల్లలు పుట్టారు. బర్త్ సర్టిఫికెట్లు కూడా ఇచ్చేశాం."

ఆమె 'వద్దు' అని నొక్కింది.

ఈలోగా సంగతి ఊరంతా పాకింది. ఆఫీసు ముందు తిరనాళ్లలా జనం. కాలికి కట్టున్నవాడు కట్టు విప్పే తేదీ, పరీక్ష రాసినవాళ్లు ఫలితాల తేదీ, మెయిన్ రోడ్డు దుమ్ములో బతుకుతున్నవాళ్లు రోడ్డు పూర్తయ్యే తేదీ చీటీల మీద రాసుకొచ్చారు. ఒకరి ఆనందం చూసి ఒకరు గంతులేస్తున్నారు. భానోజీరావు తన రిటైర్మెంటు తేదీ ఇచ్చారు. అందరికంటే దూరంగా ఉన్నది అదే.

"అది పెడితే మిగతావన్నీ అందులోనే వచ్చేస్తాయి కదా," అని అందరూ ఒప్పుకున్నారు.

అంత సంబరం మధ్య సుభాషిణికి కూడా ఉత్సాహం వచ్చింది. అసలు పెళ్లిరోజే ఎలాగూ పోయింది. మీట నొక్కింది.

ఈసారి కిటికీ కాస్త ఎక్కువసేపే మినుకుమంది. నిలకడ పడేసరికి భానోజీరావు మెడలో దండ, భుజాన శాలువా. ఆనందంతో ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు. పెన్షన్ కాగితాల మీద సంతకం పెట్టడానికి కళ్లద్దాలు వెతుక్కున్నారు.

గుమ్మంలో స్కూలు యూనిఫాంలో ఒక పాప క్యారేజీ పట్టుకుని నిలబడింది. నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడింది.

"అమ్మా, నాన్న అన్నం పంపాడు."

సుభాషిణి దగ్గరికి తీసుకుంది. పేరు అడగబోయి, బాగుండదని, ఆ పిల్ల మెడలోని స్కూలు ఐడీ కార్డు తిప్పి చదువుకుంది. పేరు బాగుంది.

"వేసవి సెలవులకి ఇంకా బోల్డు రోజులున్నాయమ్మా," అంది పిల్ల మీట వైపు చూస్తూ. "నొక్కవా?"

సుభాషిణి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని కీబోర్డును దగ్గరకు లాక్కుంది.

"తేదీ చెప్పు, తల్లీ."