ఊరికే ఓసారి వచ్చి వెళ్ళు

ఒక పెద్ద అడవిలో, పులులు కూడా దారి అడుక్కుంటూ తిరిగేంత పెద్ద అడవిలో, అప్పలసూరి అనే అలుగు ఉండేవాడు. బొరియలు తవ్వడం అతని పని. అడవిలో సగం కాపురాలు అతను తవ్విన బొరియల్లోనే నడుస్తున్నాయి. ఒంటినిండా పొలుసులు, నోట్లో ఒక్క పన్ను లేదు, చీమలు తిని బతికే ప్రాణి. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతాడు. వాళ్ళ వంశంలో అందరూ అంతే.

ఒకరోజు పొద్దున చూసేసరికి పంచాయతీ కొట్లో దాచిన మొక్కజొన్న కంకుల్ని ఎవరో కొరికి పారేశారు. ఆ పక్కనే అప్పలసూరి కుందేలు కోసం బొరియ తవ్వుతున్నాడు. స్టేషన్ రైటర్ ఉడుము వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు.

"ఏం లేదోయ్, ఊరికే ఓసారి స్టేషన్‌కి వచ్చి వెళ్ళు."

ఊరికే వెళ్ళినవాడు నాలుగు రోజులకి గానీ తిరిగి రాలేదు.

అక్కడ జరిగింది వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఎస్సై తోడేలు "కంకులు తిన్నావా?" అని ఒక్క కేక వేశాడు. అప్పలసూరి చుట్టుకుపోయాడు. "చూశావా, ఏదో దాస్తున్నాడు. విప్పుకునేదాకా వదలొద్దు" అన్నాడు ఎస్సై. వీళ్ళు అరుస్తున్నంతసేపూ అతను విప్పుకోడు, అతను విప్పుకునేదాకా వీళ్ళు అరుపు ఆపరు. నాలుగో రోజుకి ఎస్సై గొంతు పోయింది. చుట్టూ చప్పుడు లేకపోయేసరికి అప్పలసూరి మెల్లగా విప్పుకుని ఆవులించాడు. అప్పుడు కనపడింది వాళ్ళకి, ఆ నోట్లో పన్నే లేదని.

"ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా?" అని గుసగుసగా విసుక్కుని పంపేశాడు ఎస్సై.

ఇల్లయితే చేరాడు గానీ, మూల చేరి మళ్ళీ చుట్టుకుపోయాడు. కుందేలు మిగతా సగం బొరియ పందికొక్కు చేత తవ్వించుకున్నాడు. పక్క పొదలో ఉండే ముళ్ళపంది ఎర్నమ్మ, రోజూ వచ్చి కబుర్లాడే మనిషి, ఇప్పుడు చుట్టుదారిలో పోతోంది. అప్పలసూరి భార్య నూకాలు ఎదురెళ్ళి ఆపింది.

"మా మావ ఏ తప్పూ చెయ్యలేదని వాళ్ళే వదిలేశారు గదా వదినా."

"వదిలేశారనుకో. కానీ ఏమీ లేకుండా ఊరికే తీసుకెళ్తారా?" అంది ఎర్నమ్మ, ముళ్ళు సర్దుకుంటూ.

అడవంతా అదే మాట. ఊరికే తీసుకెళ్తారా? వానలు దగ్గరపడుతున్నాయి, పిలిచి పని చెప్పేవాడు లేడు. "మావా, కాస్త విప్పుకో" అంటే, "ఎందుకే, నన్నెవరు పిలిచారని?" అని ఆ బంతి లోపల్నుంచే మాట. నూకాలు కొంగు బిగించి స్టేషన్‌కి వెళ్ళింది.

రైటర్ ఉడుము బల్ల మీద ఒకటే పుస్తకం. ఆకుపచ్చ అట్ట, ఒక మూల చెదలు కొట్టేశాయి. అట్ట మీద "అనుమానితులు" అని ఉంది. అందులో మొదటి పేరు అప్పలసూరిది.

"ఆ పేరు కొట్టేయండి బాబూ. మీ పుణ్యముంటుంది."

"ఇది పేర్లు రాసే పుస్తకమమ్మా. కొట్టేయాలంటే వేరే పుస్తకం కావాలి. అది ఇంకా పైనుంచి రాలేదు."

"ఎప్పుడొస్తుంది?"

"అడగడానికి కూడా ఇంకో పుస్తకం కావాలి."

ఉడుము పట్టు పట్టాడంటే వదిలే రకమా? ఆమె కళ్ళు తుడుచుకుని వచ్చేసింది.

ఇంతలో స్టేషన్‌కీ ఒక చిక్కొచ్చింది. అప్పలసూరి సంగతి చూశాక ఆ దారిన పోవడమే మానేశారు జనం. ఫిర్యాదు చేసే దిక్కు కూడా లేదు. "ప్రజలతో సంబంధాలు ఏవి?" అని పై ఆఫీసు నుంచి పెద్దపులి గాండ్రించింది. ఎస్సై పరుగున పంచాయతీ అధ్యక్షుడు ఎలుగుబంటి దగ్గరికి పోయాడు. ఇద్దరూ కూర్చుని ఒక పండగ కనిపెట్టారు. దాని పేరు "మన స్టేషన్‌ని తెలుసుకుందాం". వచ్చినవాళ్ళకి తేనె పానకం ఉచితం. ఇక ఆగుతారా? కొట్టు కాపలావాళ్ళతో సహా అడవంతా కదిలొచ్చింది. అడవిపంది ఒక్కడే ఒంట్లో బాగోలేదని కబురు పంపాడు.

"స్టేషన్ అంటే మీ పుట్టిల్లు అనుకోండి" అని ఎలుగుబంటి ఉపన్యాసం దంచాడు.

పుట్టింటికెళ్ళి వచ్చినవాణ్ణి మరి వెలేశారేం, అనుకుంది నూకాలు వెనక నిలబడి.

"వచ్చినవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించు. పైకి చూపించాలి" అన్నాడు ఎస్సై.

"దానికి పుస్తకం లేదు సార్."

"ఉన్న దాంట్లో పెట్టించవయ్యా. అన్నీ నేనే చెప్పాలా?"

ఎలుగుబంటి ప్రారంభ సంతకం చేశాడు. ఫొటో కోసం ఎస్సై కూడా చేశాడు. తర్వాత కుందేలు, ఎర్నమ్మ, అందరూ వరసలో. నూకాలు వంతు వచ్చింది. ఆకుపచ్చ అట్ట. చెదలు కొట్టిన మూల. ఆమె చూడగానే పోల్చుకుంది. "అయ్యో, ఇది ఆ పుస్తకం" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పానకం తాగుతూ ఎర్నమ్మ ఇటు చూసి, చప్పున మొహం తిప్పేసుకుంది.

నూకాలు ఆ మాట మింగేసి, చివరి సంతకం తను పెట్టింది.

తెల్లారి చూస్తే కొట్లో ఒక్క కంకి మిగల్లేదు. రైటర్ ఉడుముకి తెలిసిన పద్ధతి ఒకటే. దొంగతనం జరిగితే పుస్తకంలో ఉన్నవాళ్ళని తీసుకురావాలి. తీసుకొచ్చాడు.

"నేను అధ్యక్షుణ్ణయ్యా" అన్నాడు ఎలుగుబంటి.

"కాదన్నానా అండీ? ఊరికే ఓసారి వచ్చి వెళ్ళండి."

ఎస్సైని కూడా వదల్లేదు. "మూడో పేరు మీదే సార్" అని వినయంగా లోపలికి పంపాడు. అప్పలసూరిని బంతిగానే దొర్లించుకొచ్చారు.

ఆ ఇరుకులో ఏడుపులు, తోపులాటలు. ఎర్నమ్మ పక్కన కూర్చోవాల్సినవాళ్ళ అవస్థ చెప్పక్కర్లేదు.

"సూరన్నా, నువ్వు ఇదివరకు ఉన్నావుగా. ఇక్కడ ఎలా ఉండాలి?" అని దగ్గరికి జరిగి అడిగాడు కుందేలు.

బంతి కదిలింది. ముందు ముక్కు, తర్వాత కళ్ళు బయటికొచ్చాయి.

"ఆ గోడకి ఆనకండి, చెమ్మ. వాళ్ళు అరిస్తే జవాబు చెప్పకండి, ఇంకా అరుస్తారు. అధ్యక్షుల వారూ, మీరు పక్కకి తిరిగి పడుకుంటే నలుగురికి చోటొస్తుంది" అన్నాడు అప్పలసూరి, పూర్తిగా విప్పుకుని. నూకాలు ఏడ్చేసింది. ఎన్నాళ్ళకి చూసింది ఆ మొహం!

నాలుగో రోజు పెద్దపులి వచ్చి, ఫిర్యాదు చేయాల్సినవాడు కూడా లోపలే ఉన్నాడని చూసి అందర్నీ వదిలేసింది. వెళ్తూ వెళ్తూ, పుస్తకంలో పేరు లేని ఒకే ఒక్క పౌరుడని అడవిపందికి దండ వేసింది. వాడు మొక్కజొన్న వాసనొచ్చే తేన్పు తేన్చి దండం పెట్టాడు.

మర్నాడు ఎర్నమ్మ తిన్నగా నూకాలు ఇంటికే వచ్చింది. వానల్లోపు కొత్త బొరియ కావాలట. అప్పలసూరి అప్పటికే ఎలుగుబంటి ఇంటి పనిలో ఉన్నాడు.

"అయినా వదినా, ఆ అడవిపందిని ఒక్కసారైనా స్టేషన్‌కి తీసుకెళ్ళలేదు చూశావా? వాడిలో ఏదో ఉంది" అంది ఎర్నమ్మ, గొంతు తగ్గించి. "ఏమీ లేకుండా ఊరికే వదిలేస్తారా?"

నీతి: నీ తప్పేమీ లేదని నీ ఇరుగుపొరుగు నమ్మాలంటే, వాళ్ళని కూడా ఓసారి తీసుకెళ్ళాలి.