అసలు మనిషికి పరీక్ష

ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసే ఆవిడకి ఆ ఉదయం ఒక్కటే పని. డ్యూటీకి బయలుదేరేలోగా కొత్త ఫోను, కొత్త నంబరుతో తమ గ్రూపులో మళ్లీ చేరాలి. పాత ఫోను రాత్రి సబ్బునీళ్ల బకెట్లో పడి, సిమ్ముతో సహా ప్రాణం విడిచింది.

అది చూపులేనివాళ్ల గ్రూపు. ఒకప్పుడు చూపున్న ప్రబుద్ధుడొకడు తనకీ కనిపించదని చెప్పి చేరి, ఆడపిల్లల్ని వేధించాడు. అప్పటినుంచి కొత్త నంబరు ఏదొచ్చినా, ఫోను కూడా చదివి చెప్పలేనంత మసక ఫోటో ఒకటి పంపుతారు. "ఇదేంటండీ?" అని విసుక్కుంటే మనవాడు, బాగుందంటే దొంగ. ఈ పరీక్ష కనిపెట్టింది సాక్షాత్తూ ఆపరేటరుగారే.

ఆవిడ తొందరకి కారణముంది. గ్రూపులో ఉన్న కాలేజీ అమ్మాయికి ఎవడో ఉద్యోగం ఆశ చూపి, గుర్తింపు కార్డు ఫోటోలు పంపమన్నాడు. "పొద్దున్న మాట్లాడతా, అందాకా పంపకు," అని ఈవిడ చెప్పింది. "తొమ్మిది దాకా ఆగుతానక్కా," అంది ఆ పిల్ల. ఆ పిల్ల నంబరు ఫోనుతోపాటే మునిగింది. ఆవిడకి నిజంగానే భయంగా ఉంది.

పరీక్షాధికారి గ్రూపులోని లెక్కల మాస్టారు. ఆవిడకి కంఠతా వచ్చిన నంబరు ఆయనదొక్కటే. దయాదాక్షిణ్యాలు లేని మనిషి. జరిగేదంతా గ్రూపులో అందరికీ వినిపిస్తారు. ఆయన మసక ఫోటో పంపేసరికి ఆవిడ జడ వేసుకుంటోంది. ఫోటోస్టూడియో నడిపే భర్త ఫోనందుకుని, 'కుక్కపిల్ల బాగుంది, ఫోకస్ తప్పింది' అని జవాబు కొట్టేశాడు.

"కొంప ముంచారు కదండీ!"

"సాయం చేస్తే తప్పా?"

ఆవిడ గబగబా మాట రికార్డు చేసింది. "మాస్టారూ, నేనే. ఇందాక జవాబిచ్చింది మా ఆయన." సరిగ్గా అప్పుడే అత్తగారు కొడుకు మీద విరుచుకుపడింది: "ఆ గుండీలేంటి అలా పెట్టుకున్నావ్? అద్దంలో చూసుకో!"

మాస్టారు బదులిచ్చారు. "గొంతులు మిషన్లే తయారు చేస్తున్న రోజులివి. అద్దంలో చూసుకునేవాళ్లకి మా గ్రూపెందుకండీ?"

"ఫోటో పంపిద్దాం, నోరు మూస్తాడు," అన్నాడు భర్త. ఆవిణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, గడ్డం ఎత్తించి, నవ్వించి మరీ తీశాడు. మాస్టారి భార్య దాన్ని చూసి, "ఎంత బాగుందో! క్యాలెండరు మీద వేసుకోవచ్చు," అంది. దాంతో మాస్టారికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. దొంగే!

ఆవిడకి ఏడుపొచ్చింది. ఇద్దర్నీ బయటికి పంపి, గది గడియ పెట్టి, తన ఫోటో తనే తీసి పంపింది. అందులో సగం చెవి, ఒక ఫ్యాను రెక్క, దండెం మీది తువ్వాలు ఉన్నాయి. మాస్టారి భార్య అందులో ఏముందో ఆయనకి చెబుతూ పకపకా నవ్వింది. మరుక్షణం గ్రూపు తలుపులు తెరుచుకున్నాయి. అప్పటికే తొమ్మిది దాటింది.

"అమ్మాయీ, పంపేశావా?" అని గబగబా అడిగింది ఆవిడ.

"లేదక్కా. పొద్దున్నించీ మీ గోలే వింటున్నా. మిమ్మల్నే ఇన్ని అడిగితే, ముక్కూమొహం తెలియనివాణ్ణి ఏమీ అడక్కపోతే ఎలా అనుకున్నా. మీ ఆఫీసెక్కడ, అక్కడి ఫోన్ నంబరెంత అని అడిగా. రెండో ప్రశ్నకే నన్ను బ్లాక్ చేసి పారిపోయాడు."

ఆవిడ మంచం మీద కూలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పొద్దున్నించీ కూడబెట్టుకున్న జాగ్రత్తల ఉపన్యాసం ఇక అక్కర్లేదు. మాస్టారు క్షమాపణ చెప్పే రకం కాదు గనక, ఫలితం మాత్రం ప్రకటించారు.

"ఆపరేటరుగారు బొటాబొటి మార్కులతో పాస్."