ఉల్లిగడ్డల ఆటోకు గొంతు

ఆ రోజు కనకవ్వ అనుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా కోడలు వనజ చేత "ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు" అని నాలుగు ముక్కలు చెప్పించి, లాప్‌టాప్‌లో రికార్డు చేసి, వాకిట్లో ఉన్న ఆటో మీది స్పీకరు డబ్బాలో ఎక్కించాలి. పదింటికి ఆటో సిద్దిపేట సందుల్లో తిరుగుతుండాలి. అంతే.

ఇన్నాళ్లూ ఆ నాలుగు ముక్కలూ కొడుకు మల్లేశ్ సొంత గొంతుతోనే అరిచేవాడు. అరిచి అరిచి గొంతు పోయింది. పదిహేను రోజులు నోరు తెరవొద్దని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆటోలో చూస్తే పది సంచుల సరుకు. మొన్నటి వానకు తడి తగిలింది. ఇవాళ పోకపోతే రేపటికి మొలకలొస్తాయి, ఎల్లుండికి ఆటో దగ్గరికి ఎవరూ రారు. పైగా ప్రజ్ఞాపూర్ వైపు నుంచి కొత్తగా ఒక ఉల్లిగడ్డల ఆటో తిరుగుతోంది. దానికి రికార్డు చేసిన ఆడగొంతు ఉంది, చక్కెర చల్లినట్టు.

లాప్‌టాప్ ఇచ్చినవాడు ఇషాక్. పెళ్లిళ్లకు మైకు సెట్లు కిరాయికి ఇస్తాడు. ముందు రోజు సాయంత్రం వచ్చి, లాప్‌టాప్‌ను వైరు లేకుండానే ఆటో మీది డబ్బాకు కలిపి, ఒక పాట మోగించి చూసి, "అంతా ఓకే అవ్వా" అన్నాడు. మైకు, హెడ్‌ఫోన్ కనకవ్వ చేతిలో పెట్టి, తెల్లారి చేర్యాలలో పెళ్లి ఉందని వెళ్లిపోయాడు. లాప్‌టాప్‌నూ డబ్బానూ కలిపింది కలిపినట్టే ఉంది.

గదిలో గొంతు గుయ్యిమనకుండా బొంతలు కట్టుకోమని కూడా చెప్పాడు. ఆ మాటను కనకవ్వ మనసు పెట్టి పాటించింది. ఇంట్లో ఉన్న ఏడు బొంతలూ తలుపుకు, కిటికీలకు, బీరువాకు కట్టించింది. బయట లారీ పోయినా లోపలికి వినపడదు. అత్తాకోడళ్లకు చెమటలు కారిపోతున్నాయి. మల్లేశ్ వాకిట్లో సంచులు సర్దుకుంటున్నాడు.

వనజ తెర మీద ఎర్ర గుండ్రం నొక్కి, "ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు!" అంది. గొంతుతో పాటు తెర మీద ఎగిరి ఆడాల్సిన గీత కదల్లేదు. ఇషాక్‌కు ఫోన్ కలిపింది.

"ఇషాకన్నా, గీత సచ్చినట్టు పండుకున్నది."

"అది వేరే మైకును పట్టుకున్నది చెల్లె. పైన లిస్టు ఉంటది, అండ్ల మనది సూసి నొక్కు."

నొక్కింది. గీత లేచి ఆడింది.

"ఇప్పుడు గీత ఆడుతుంది గని, చెవులల్ల ఏం ఇనస్తలేదన్నా."

"ఇనే బటన్ బంద్ ఉన్నట్టుంది. హెడ్‌ఫోన్ బొమ్మ ఉంటది సూడు, దాన్ని నొక్కు. సౌండు మొత్తం పెంచు." అటువైపు పెళ్లి బ్యాండు అందుకుంది. ఫోన్ తెగిపోయింది.

వనజ బొమ్మ నొక్కింది, సౌండు చివరిదాకా లాగింది. "మొత్తం పెంచిన అత్తమ్మా. చీమ చిటుక్కుమన్నట్టు గూడ లేదు."

"నువ్వు గొణుగుతున్నవు, గందుకే. పెండ్లిసూపులల్ల మాట్లాడినట్టు మాట్లాడితె గడ్డలు కొంటరా? అరువు!"

"అరిస్తె గీత ఎర్రగైతుంది."

"జరమొచ్చిందా ఏంది దానికి?"

"నాకేమెరుక! నన్నంటరేంది? గీ తిప్పలంత మీ కొడుకుతోని. సంచుల మీద తాటిపత్రి కప్పుమంటె ఇన్నడా? అడుగు సంచిలయి మెత్తవడ్డయి."

"మెత్తవడ్డ సంచి పొద్దుగాలనే నేను ఇవతల తీసిపెట్టిన. అండ్ల ఒక్క గడ్డ గూడ అమ్మనియ్య. మిగిలినయి రాళ్లలెక్క ఉన్నయి. నా కొడుకునంటవా?"

"అనకుంటె? కిలో అంటె కిలోనే తూయాలె. ఎవలన్న నవ్వుకుంట 'మల్లేశన్నా' అంటె సాలు, రెండు గడ్డలు ఎక్కువేస్తడు."

"వాని నాయిన గూడ గంతే."

"ఆ రాజమల్లయ్య సారునైతె ఏమనడు. ఒక్క కిలోకు అద్దగంట ఏరుతడు సారు. పెద్దయన్ని ఆయన సంచిల, సిన్నయన్ని మన నెత్తిన."

"ఆ సారు కోడలును ఏరినట్టు ఏరుతడే. నేను గట్ల ఏరితె నువ్వు మా ఇంట్లకు వచ్చేదానివా?"

వనజ మైకు బల్ల మీద పెట్టి, "అయితె మీరే అరుసుకోన్రి" అని అటు తిరిగి కూర్చుంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది, బొంత పైకి లేచింది. దాని కింద చేతిలో సంచితో, పక్క సందులో ఉండే రిటైర్డు టీచరు రాజమల్లయ్య సారు.

"కనకవ్వా, నేను అద్దగంట ఏరుతనా?"

కనకవ్వ గబుక్కున లేచి నిలబడింది. "మీకు... మీకెవలు చెప్పిన్రు సారూ?"

"మీ ఆటోనే చెప్పింది. మూడు సందులు ఇన్నయి."

ఒక్క క్షణం ఆలస్యంగా, వాకిట్లోంచి అదే గొంతు మరింత గట్టిగా అంది: "మూడు సందులు ఇన్నయి." ఆ వెనకే కుయ్యిమని ఒక కూత. వనజ ఉన్న బటన్లన్నీ నొక్కి లాప్‌టాప్ మూసేసింది.

కనకవ్వకు ముందు సరుకు గుర్తొచ్చింది. మెత్తబడ్డ సంచి సంగతి ఊరంతా విన్నాక ఇక గడ్డలెవరు కొంటారు? పది సంచులూ చెత్తబండికే. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది.

ఆటో కనిపించలేదు. ఆటో చుట్టూ జనం కనిపించారు. మల్లేశ్ తల ఎత్తకుండా తూస్తున్నాడు. రెండు సంచులు అప్పటికే ఖాళీ.

ఎదురింటి హబీబున్నీసా సంచి చాపి నిలబడింది. "మల్లేశన్నా అని నవ్వుకుంటనే పిలిచిన గద. నా రెండు గడ్డలేవి?" అని, కనకవ్వను చూసి, "అక్కా, మెత్తయి తీసేసినవంట. మంచిగ చెప్పినవు. ఆ ప్రజ్ఞాపూర్ గొంతు ఒక్కనాడన్న చెప్పిందా గా మాట?" అంది.

వనజ మొగుడి మీద పడింది. "డబ్బా గంతగనం మోగుతుంటె మాకు చెప్పరాదా?"

మల్లేశ్ తన గొంతు చూపించాడు. డబ్బాను ఆపడానికి చేతులకేమైందో మాత్రం చూపించలేదు.

రాజమల్లయ్య సారు ఆ రోజు ఏరలేదు. పైనున్నవి ఉన్నట్టే వేయించుకున్నాడు. అందరూ చూస్తున్నారు మరి.

మర్నాడు ఇషాక్ వచ్చి అన్నీ సరిచేశాడు. వనజ గొంతు చక్కెర చల్లినట్టే రికార్డయింది. కొత్త సరుకుతో ఆటో నాలుగు సందులు తిరిగింది. ఒక్క తలుపు తెరుచుకోలేదు. అయిదో సందులో మాత్రం ఒకామె కిటికీలోంచి, "నిన్నటి లొల్లి పెట్టరాదు? అది మంచిగుండె" అని అడిగింది.

నిన్నటిదాంట్లో సారు పేరుంది, పెట్టడానికి లేదు. కొత్తది కావాలి. మూడో రోజు తొమ్మిదింటికి కనకవ్వ, వనజ మైకుకు అటూ ఇటూ కూర్చున్నారు. ఇషాక్ నొక్కాల్సినవన్నీ నొక్కి, "ఊఁ, కానీయున్రి" అన్నాడు.

పన్నెండేళ్ల కాపురంలో మొదటిసారి, అత్తాకోడళ్లకు ఒకరి మీద ఒకరికి చెప్పడానికి ఏమీ దొరకలేదు.