పదకొండు గంటలకు రెండు బిస్కెట్లు

ఈ లోకంలో ఎవరి అనుమతీ లేకుండా పనిచేస్తున్న ఏకైక శాఖ మనిషి కడుపు. దానికి హాజరుపట్టీ లేదు, పై అధికారి లేడు, సెలవుల జాబితా లేదు. వేళకు ఏమీ అందకపోతే అర్జీ పెట్టుకుని ఆగే ఓపిక అసలే లేదు, తన గోడల్ని తానే తినడం మొదలుపెడుతుంది. ఇంతటి క్రమశిక్షణ లేని శాఖను మొట్టమొదట దారికి తేబోయిన ఘనత వాన లెక్కల కార్యాలయానిది. (వాన పడ్డాక, అవును పడింది అని ధ్రువీకరించే కార్యాలయం అది. ధ్రువీకరణకు నలభై రోజులు పడుతుంది. అప్పటిదాకా తడిసినవాళ్ళు తడిసినట్టు కాదు.)

ఆ కార్యాలయంలో సర్క్యులర్లు టైపు చేసే గుమాస్తాకు ఏడాదిగా గుండెల్లో మంట. ఎప్పుడో పెళ్ళిభోజనం ఎక్కువై వచ్చే మంట కాదు. పొద్దున పది దాటితే పొట్ట పైభాగంలో రాజుకుని, గొంతుదాకా పాకి, నోట్లోకి పుల్లటి నీళ్ళు తెచ్చి, మధ్యాహ్నం భోజనం వేళదాకా కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వని మంట. దానికి ఆయన చేసుకున్న వైద్యం కూడా సామాన్యమైనది కాదు. మంటకు టీ తాగాడు. టీతో మంట పెరిగి, మంటతో తలనొప్పి వస్తే, ఖాళీ కడుపున తలనొప్పి బిళ్ళ వేసుకున్నాడు. బిళ్ళతో మంట ఇంకా పెరిగితే మళ్ళీ టీ తాగాడు. ఈ పద్ధతి ఏడాదిపాటు ఒక్కరోజు కూడా తప్పలేదంటే ఆయన ఎంత నియమం గల మనిషో అర్థం చేసుకోవచ్చు.

చివరికి భార్య రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, లోపలి పొర వాచి ఉంటుందన్నాడు. టీ మానమన్నాడు, తలనొప్పి బిళ్ళల జోలికి పోవద్దన్నాడు, పొద్దున తినడానికి అరగంట ముందు వేసుకోమని ఒక మందు రాశాడు, తిన్న వెంటనే నడుం వాల్చొద్దన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, కడుపు ఖాళీగా ఉంచకూడదు. ఎనిమిదింటికి ఇంట్లో తింటే, పదకొండింటికి ఆఫీసులో రెండు బిస్కెట్లయినా లోపల పడాలి.

"రెండు బిస్కెట్లేగా," అని భార్య ఊపిరి పీల్చుకుంది. పాపం, ఆవిడ ఎన్నడూ ఆఫీసులో పనిచేసిన మనిషి కాదు.

నిజానికి ఆ ఆఫీసులో పదకొండింటికి తిననివాళ్ళంటూ లేరు. ప్రతి బల్లకూ అడుగు సొరుగు తిండి సొరుగు. పక్క సీటు టైపిస్టు సొరుగులో వేయించిన పల్లీలు, మూల సీటాయన సొరుగులో మూడు రకాల బిస్కెట్లు. సూపరింటెండెంటు గారి సొరుగు తెరిస్తే ఆకలితో ఉన్నవాడికి కళ్ళనీళ్ళు తిరుగుతాయి. బల్లల దగ్గర ఏమీ తినరాదన్న సర్క్యులర్ గోడకు ఉండనే ఉంది. ఆరేళ్ళ కిందట చీమలు ఒక ఫైలు తినేసినప్పుడు పుట్టిన సర్క్యులర్ అది. (ఆ ఏడు వాన పడిందో లేదో ఇప్పటికీ తేలలేదు.) అందరూ దాని కిందే నిలబడి చేతులకంటిన పొడి దులుపుకుంటారు. కానీ దాన్ని టైపు చేసింది మన గుమాస్తా. ముసాయిదాలో మూడు తప్పులు దిద్దింది కూడా ఆయనే. లోకమంతా దాటినా తను మాత్రం దాన్ని దాటలేడు. అందుకని ఆ కార్యాలయం పుట్టినప్పటినుంచీ ఎవరూ చేయని తప్పు చేశాడు. అనుమతి అడిగాడు.

సూపరింటెండెంటు గారు అర్జీ రెండుసార్లు చదివారు. నోట్లో ఉన్నది నమలడం ఆపి, మోకాలితో సొరుగు మూశారు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆ మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

"ఎందుకడిగారండీ?" అన్నారు. "అడక్కుండా తినుంటే నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసిపోయింది. తెలిశాక ఊరుకోకూడదు కదా నేను."

ఫైలు తెరిచారు. విషయం పరిశీలనలో ఉన్నంతకాలం యథాతథ స్థితి కొనసాగాలని ఉత్తర్వు వచ్చింది. యథాతథ స్థితి అంటే ఇన్నాళ్ళూ నడిచినట్టే నడవడమని అందరూ సంబరపడ్డారు. కాదట, కాగితం మీద ఉన్నట్టు నడవడమట. సొరుగులు సోదా చేసి, ఖాళీ చేయించి, ఖాళీ అయినట్టు ఒక్కొక్కరి దగ్గరా సంతకం తీసుకున్నారు. ఆ ఉత్తర్వు టైపు చేసింది కూడా మన గుమాస్తానే, ఒక చేత్తో పొట్ట పట్టుకుని. ఆ రోజునుంచి ఆఫీసులో అందరికీ కడుపు మండింది, డాక్టరు చీటీ ఉన్నది మాత్రం ఆయనొక్కడికే. టైపిస్టు వారంపాటు ఆయనతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మాత్రం, "మీరు ఎండితే ఎండారు, మమ్మల్ని కూడా ఎండగట్టారేంటి గురువుగారూ?" అని అడిగింది.

పైనుంచి ప్రశ్నలు దిగాయి. 'కొంచెం తినాలి' అని డాక్టరు రాసినదాంట్లో కొంచెం అంటే ఎన్ని గ్రాములు? బిస్కెట్టు కొరికినప్పుడు రాలే పొడికి బాధ్యత ఎవరిది? సదరు ఉద్యోగి నమిలే సమయం పనిగంటల కిందికి వస్తుందా, మింగే సమయం మాత్రమే వస్తుందా? అన్నిటికీ ఆయన మూడేసి ప్రతుల్లో సమాధానాలు రాశాడు. సమాధానాలు చదవడానికి అల్పాహార పరిశీలనా సంఘమని అయిదుగురితో ఒక సంఘం వేశారు. సంఘం నెలకొకసారి కూర్చుంటుంది. కూర్చునే వేళ పదకొండు గంటలు.

మొదటి సమావేశానికి ఆయన్ని పిలిచి బల్ల ముందు నిలబెట్టారు. బల్ల మీద టీ కప్పులు, వాటి పక్కన పళ్ళెం నిండా బిస్కెట్లు. (సమావేశాలకు సర్క్యులర్ వర్తించదు. ఏడో పేరా చూడండి. అదీ ఆయన టైపు చేసిందే.) గంటసేపు ఆయన తన పొట్ట గురించి వివరిస్తుంటే సభ్యులు సానుభూతితో తల ఊపుతూ తిన్నారు. నోట్లోకి పుల్లటి నీళ్ళు వచ్చి ఆయన మాట ఆగిపోయినప్పుడు, ఒక సభ్యురాలు జాలిపడి, ఈయనకూ రెండు ఇవ్వొచ్చు కదా అంది. అధ్యక్షులు నిబంధనలు తిరగేశారు. తినే హక్కు సభ్యులది. ఆయన సభ్యుడు కాదు, విషయం.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి జరిగింది చెబితే భార్య ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆయన బెల్టుకు కొత్తగా రెండు చిల్లులు పొడిచింది ఆవిడే. మెట్ల మీద నిలబడి తినమంది, ఎవరూ చూడకుండా జేబులోంచి తీసి నోట్లో వేసుకోమంది. విషయం పరిశీలనలో ఉండగా అలా చేయకూడదని ఆయన అన్నాడు.

"అయితే ఆ సర్క్యులరే నమిలి మింగండి, కడుపులో ఏదో ఒకటి పడుతుంది," అంది భార్య. కాసేపాగి, గొంతు తగ్గించి, "మా నాన్న కూడా మంటే కదా అనుకున్నాడండీ. నాకు భయంగా ఉంది," అంది. ఆయనకూ భయంగానే ఉంది. కానీ భయం రాసుకోవడానికి అర్జీలో గడి లేదు.

రెండో సమావేశంలో సంఘం డాక్టరు చీటీ చాలదంది. గొంతులోంచి గొట్టం దించి, కెమెరాతో కడుపు లోపల చూసిన రిపోర్టు కావాలంది. (సంఘం లోపలికి వెళ్ళి చూడలేదు కాబట్టి.) ఆసుపత్రి యాప్‌లో తేదీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. పరీక్షకు ఖాళీ కడుపుతో రావాలి. కడుపు ఖాళీగా ఉంచకూడని మనిషి ముందురోజు రాత్రినుంచీ ఏమీ తినకుండా వెళ్ళి, మధ్యాహ్నందాకా వరసలో కూర్చుంటే, ఇవాళ గొట్టం కడగలేదని పంపించేశారు. రెండోసారి గొట్టం కడిగారు గానీ డాక్టరు రాలేదు. రెండుసార్లూ యాప్ మాత్రం, మీ అనుభవానికి ఎన్ని చుక్కలు ఇస్తారని అడిగింది. మూడోసారి అన్నీ కుదిరాయి. వాపు అని రిపోర్టు వచ్చింది. జీవితంలో అంత సంతోషంగా రోగం పేరు చదువుకున్నవాడు ఆయనొక్కడే అయి ఉంటాడు.

రిపోర్టు తొంభై రోజులు చెల్లుతుంది. సంఘం తొంభై నాలుగో రోజున కూర్చుంది. మధ్యలో అధ్యక్షులు సెలవులో ఉన్నారు, అజీర్తి చేసి. కొత్త రిపోర్టు తెమ్మన్నారు.

కొత్త రిపోర్టుకు యాప్‌లో తేదీ వెతుక్కుంటుండగానే ఒక పొద్దున ఆయనకు విరేచనం నల్లగా అయింది. నిలబడితే కళ్ళు తిరిగాయి. ఈసారి భార్య యాప్ తెరవలేదు, ఆటో పిలిచింది. ఆసుపత్రిలో తేదీ అడగకుండానే ఆ పూటే గొట్టం దించారు. వాపు ఉన్నచోట పుండు పడింది, నెత్తురు చిమ్ముతోంది. అయిదు రోజులు మంచం మీద ఉంచి, నెత్తురు ఎక్కించి, మందులు మార్చి పంపారు. ఇంత ముదిరేదాకా వేళకు ఎందుకు తినలేదని డాక్టరు కోప్పడ్డాడు. విషయం పరిశీలనలో ఉందని ఆయన చెప్పాడు. డాక్టరు భార్య వైపు చూశాడు. ఆవిడ తల పక్కకు తిప్పుకుంది.

పదిరోజుల తర్వాత గోడ పట్టుకుని ఆఫీసు మెట్లెక్కితే బల్ల మీద ఉత్తర్వు సిద్ధంగా ఉంది. కొత్త రిపోర్టు కోసం ఆగకుండా, పాత రిపోర్టు మీదే అనుమతి వచ్చింది. కడుపులో వాపు నిమిత్తం, సదరు ఉద్యోగి ప్రతిదినం పదకొండు గంటలకు రెండు బిస్కెట్లు, పొడి రాల్చకుండా తినవచ్చును. ఆయన ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. టైపిస్టు ఎవరూ చూడకుండా తన పల్లీల పొట్లం పైకి తీసి పెట్టుకుంది. పరిశీలన ముగిసినట్టేనని అందరి కళ్ళల్లోనూ వెలుగు వచ్చింది.

అప్పుడు సూపరింటెండెంటు గారు ఆసుపత్రి కాగితాలు అడిగి తీసుకున్నారు, సెలవు ఫైలులో పెట్టడానికి. ఒకసారి వాటిని, ఒకసారి ఉత్తర్వును చూసి తల పట్టుకున్నారు. ఉత్తర్వు వాపుకు. మనిషికున్నది పుండు. వాపు నిమిత్తం ఇచ్చిన బిస్కెట్టును పుండు ఉన్నవాడు తింటే అది దుర్వినియోగం కిందికి వస్తుంది. ఉత్తర్వు అక్కడికక్కడే రద్దయింది. టైపిస్టు పొట్లం మళ్ళీ సంచీలోకి వెళ్ళింది.

పుండు అని రాసి మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చా అని గుమాస్తా అడిగాడు. సూపరింటెండెంటు గారు అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, సొంత తమ్ముడికి చెప్పినట్టు మెల్లిగా చెప్పారు.

"పుండు అని రాయకండి, మళ్ళీ ఇదే గొడవ అవుతుంది. దాని తర్వాత ఏమొస్తుందో డాక్టరు గారిని కనుక్కుని, అది రాయండి. ఉత్తర్వు వచ్చేసరికి సరిపోతుంది."